ఆటోమేటిక్ నంబరింగ్ గారికి, మా నాన్నమ్మ తరఫున

మహారాజశ్రీ ఆటోమేటిక్ నంబరింగ్ గారి సముఖానికి,

నమస్కారాలు. తమరు క్షేమమేనా అని అడగను. రాసేవాళ్లు ఏమైపోయినా తమరెప్పుడూ క్షేమంగానే ఉంటారు.

మొన్న ఆదివారం బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో కథ చదవడానికి వెళ్లాను. చదివే ముందు ఆనవాయితీ ప్రకారం తలా ఒక ప్రతి పంచాను. మొదటి వరుసలో కూర్చున్న విశ్రాంత తెలుగు లెక్చరర్ ఒకరు కాగితాన్ని దూరం పెట్టి చూశారు, దగ్గర పెట్టి చూశారు, కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. "ఏమమ్మా, ఇది కథా, బోరు మోటారు బిగించే విధానమా?" అన్నారు. హాలంతా నవ్వింది. కాగితం చూస్తే నాకు నవ్వు రాలేదు.

మా నాన్నమ్మ ఏ సంగతి చెప్పినా ముందు సంవత్సరం చెప్పేది. చెప్పి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు అసలు విషయంలోకి వెళ్లేది. కథను కూడా అలాగే నడిపాను. "1948. సెప్టెంబరులో యూనియన్ సైన్యం వస్తోందని తెలిసి వడ్ల బస్తాల కింద నగల మూట దాచాను." తర్వాతి పేరా: "1952. బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయిన ఏడాది మీ పెద్దత్త పుట్టింది." ఆ తర్వాత: "1956. నవంబరులో ఆంధ్రప్రదేశ్ వచ్చింది, మేం చాదర్‌ఘాట్ ఇంటికి వచ్చాం."

ఆ సంవత్సరాలను జాబితా నంబర్లనుకుని తమరు అచ్చు వేయించినది ఇదీ: 1. సెప్టెంబరులో యూనియన్ సైన్యం. 2. బూర్గుల, పెద్దత్త. 3. ఆంధ్రప్రదేశ్, చాదర్‌ఘాట్. ఎడమవైపు కాస్త లోపలికి జరిపి మరీ, ముచ్చటగా.

అక్కడితో ఆగినా బాగుండేది. 1956 తర్వాత నాన్నమ్మకీ తాతయ్యకీ ఇంటి అద్దె దగ్గర పెద్ద గొడవ జరుగుతుంది, అంతా సంభాషణే. ఆ గొడవ దాటాక "1969" వస్తుంది. మధ్యలో మామూలు పేరాలు అడ్డం పడ్డాయి కాబట్టి పాత జాబితా ముగిసిందని తమరు తేల్చేశారు. కొత్తది మొదలుపెట్టి 1969కి మళ్లీ 1 వేశారు. 2014కి 2 వేశారు. తెలంగాణ చరిత్రను రెండు ముక్కల్లో, రెండో ముక్క రెండు మెట్లలో ముగించిన ఘనత ఇంతవరకు ఏ చరిత్రకారుడికీ దక్కలేదు.

ఇంతకీ తెరమీద చివరిదాకా 1948 అనే కనిపించింది. పీడీఎఫ్‌గా మారే ఆ కాసేపట్లో, ఎవరూ చూడకుండా కానిచ్చారు.

నన్ను మీ పాలబడేసింది మాదాపూర్‌లో నా పక్క సీటు మిత్రుడు. పగలంతా నేను రాసేది యూజర్ మాన్యువల్స్. వాటికి మా ఆఫీసులో మార్క్‌డౌన్ వాడతాం, అంటే శీర్షికలూ జాబితాలూ మామూలు గుర్తులతో రాస్తే అచ్చుకు వెళ్లేటప్పుడు అవే రూపం కట్టే పద్ధతి. హంగులు లేని టెక్స్ట్ ఫైలు, ఏ కంప్యూటర్‌లోనైనా తెరుచుకుంటుంది, ఎవరు ఏ వాక్యం మార్చారో ఇట్టే తెలుస్తుంది. "కథలు కూడా ఇందులోనే రాయి, మనసు చెదరదు" అన్నాడు. నవలలు రాసేవాళ్ల కోసమే స్క్రివెనర్ లాంటివి ఉన్నాయి. అధ్యాయాలను కార్డుల్లా బోర్డు మీద గుచ్చి అటూ ఇటూ జరుపుకోవచ్చు. కానీ అతని దృష్టిలో అది ఆటబొమ్మ. మామూలు వర్డ్ ప్రాసెసర్ అంటారా, తెలుగులో "వెళ్లిపోయిందట" అని రాస్తే చాలు, ఎర్ర గీత గీసి కూర్చుంటుంది. పైగా రెండు హైఫన్‌లు పక్కపక్కన కనిపిస్తే కలిపి ఒక పొడుగాటి గీత చేస్తుంది. కథలో అది అందమే. మాన్యువల్‌లోని కమాండ్‌లో అదే పని చేస్తే, కస్టమర్ దాన్ని కాపీ చేసుకుని నడపబోయి మమ్మల్ని తిట్టుకుంటాడు. ఇక మాన్యువల్స్‌ను విడివిడి అంశాలుగా రాయించే డిటా అనే పద్ధతి ఉంది, 2005లో ప్రమాణంగా వచ్చింది. ప్రతి పేజీనీ ఇది పనా, భావనా, సమాచారమా అని ముందే అడుగుతుంది. మా నాన్నమ్మ ఆ మూడింట్లో ఎందులోనూ ఇమడదు.

సరే, అవన్నీ చిల్లర తగాదాలు. నా వ్యాజ్యం మీతోనే.

మీరు అంకెను చదవరు. ఇదొక్కటే నా నేరారోపణ. పేరా మొదట్లో అంకెలు, వెంటనే చుక్క, ఆ తర్వాత ఖాళీ కనిపిస్తే చాలు, అది జాబితా అంటారు. ఆ అంకెలు ఏమంటున్నాయో మీకు పట్టదు. మార్క్‌డౌన్ మొదటి పద్ధతిలో ఏ అంకెతో మొదలైనా లెక్క 1 నుంచే. ఇది అన్యాయమని తర్వాత కామన్‌మార్క్ అనే ప్రమాణం రాసినవాళ్లు ఒక సవరణ చేశారు: మొదటి అంకెను మాత్రం గౌరవిస్తారు, మిగిలినవి అక్కడినుంచి వరుసగా. ఆ లెక్కన నా కథలో సంవత్సరాలు 1948, 1949, 1950. చూడ్డానికి ఎంత నమ్మకంగా ఉన్నాయో గమనించారా? ఆంధ్రప్రదేశ్ 1950లోనే ఏర్పడిపోయింది, పెద్దత్తకు మూడేళ్లు వయసు పెరిగింది. దీనికంటే ఆ 1, 2, 3 నయం, కనీసం తప్పని తెలుస్తుంది.

తెలియక జరిగిందనడానికీ లేదు. 2004లో జాన్ గ్రూబర్ మార్క్‌డౌన్ నియమాలు రాసిన పత్రంలోనే ఈ ప్రమాదం ప్రస్తావన ఉంది. సంవత్సరంతో వాక్యం మొదలుపెడితే పొరపాటున జాబితా అయిపోవచ్చని 1986ను ఉదాహరణగా చూపించి మరీ చెప్పారు. విరుగుడు? చుక్కకు ముందు ఒక బ్యాక్‌స్లాష్ (\) పెట్టుకోవాలి. గొయ్యి ఎక్కడుందో తెలుసు, పూడ్చరు, పక్కన బోర్డు పెడతారు. హైదరాబాద్ రోడ్ల మీద తిరిగేవాళ్లకు ఇదేమీ కొత్త కాదనుకోండి.

అంటే నాన్నమ్మ సంవత్సరం చెప్పి ఆగే ఆ ఒక్క క్షణానికి ముందు నేను ఒక వంకర గీత నిలబెట్టాలా? ప్రతి ఏడాదికీ? ఆమె పుట్టిన ఏడాదికీ, పోయిన ఏడాదికీ? నువ్వెవరివి అడగడానికి? నీకు చదువు రాదని నా వాక్యానికి ఊతకర్ర ఎందుకు కట్టాలి? రజాకార్ల రోజుల్లో నగలు కాపాడుకున్న మనిషి, నీ చేతిలో సంవత్సరం కాపాడుకోలేకపోయింది.

క్షమించాలి, మీరు అనబోయి నువ్వు అన్నాను.

నిజం చెప్పాలంటే పగటిపూట నాకు మీ మీద కోపం ఉండదు. పోయిన నెల ఒక ఇన్‌స్టలేషన్ గైడ్‌లో, అంతా సిద్ధమై విడుదలకు వెళ్లబోతుండగా, మూడో మెట్టు తర్వాత ఇంకో మెట్టు చేర్చాలని ఇంజనీరు తాపీగా వచ్చి చెప్పాడు. దాని కింద పేజీలకు పేజీల మెట్లు ఉన్నాయి. నేను ఒక్క లైను దూర్చాను, మిగిలినదంతా మీరే సర్దేశారు. అసలు మేం బద్ధకించి అన్నిటికీ 1, 1, 1 అని కొట్టుకుంటూ పోయినా మీరు 1, 2, 3 చేసి నిలబెడతారు. ఆ సాయంత్రం మీకు కొబ్బరికాయ కొట్టినా తప్పులేదనిపించింది. మేం ఏ అంకె కొట్టామో మీరు పట్టించుకోకపోవడమే అక్కడ నా ఉద్యోగాన్ని నిలబెడుతోంది. మాన్యువల్‌లో నాలుగో మెట్టు రేపు అయిదోది కావచ్చు, ఎవరూ ఏడవరు. 1948ని మాత్రం ఎవరూ జరపలేరు, నిజాం వల్లే కాలేదు.

కాబట్టి సోమవారం మధ్యాహ్నం సెలవు పెట్టి కథనంతా మీ చేతిలోంచి లాక్కున్నాను. ఎర్ర గీతల వర్డ్ ప్రాసెసర్‌లో పడేశాను. ముందుగా సెట్టింగుల్లోకి వెళ్లి అక్కడ కాపురమున్న మీ తమ్ముణ్ని ఆఫ్ చేశాను. ఎర్ర గీతలు ఉంటే ఉండనీ. అవి అరుస్తాయే తప్ప రాసినదాన్ని మార్చవు.

ఇట్లు,
మీ దయవల్ల జీతం తీసుకుంటున్న ఒక టెక్నికల్ రైటర్, మాదాపూర్

తా.క.: కథ ఒక పత్రిక తీసుకుంది. వాళ్ల డీటీపీ ఆపరేటర్ యూనికోడ్‌ను పాత ఫాంటులోకి మార్చి ప్రూఫ్ పంపారు. సంవత్సరాలన్నీ ఉన్నాయి. ఒత్తులు లేవు. ఆ ఉత్తరం వేరే రాస్తాను.