ఒకే బల్ల మీద రెండు రకాల చుక్కలు

మా వైపు కోతలప్పుడు మందుల షాపుల్లో కంటి చుక్కలకు గిరాకీ ఎక్కువ. నూర్పిళ్ల ధూళికి కన్ను ఎర్రబడి దురద పెడుతుంది. "ఏదైనా చుక్కల మందివ్వు బాబూ" అంటే షాపతను ఓ సీసా తీసిస్తాడు. రెండు రోజుల్లో ఎరుపు పోతుంది. సీసా మాత్రం కిటికీ గూట్లో ఉండిపోతుంది, మళ్లీ ఎప్పుడు దురద పెట్టినా అదే వేసుకుంటారు. ఆ సీసాలో డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ ఉంటేనే చిక్కు. దాన్ని వారాల తరబడి వాడితే ముగ్గురిలో ఒకరికి ఎంతో కొంత కంటి ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడికి కంటి నరం దెబ్బతింటే వచ్చేది నీటికాసులు, అదే గ్లకోమా.

గ్లకోమాకు వాడే చుక్కలు దొరికేదీ ఆ బల్ల మీదే. రెండింటినీ మనం ఒకేలా చూస్తున్నాం, "చుక్కలే కదా" అని. నా ఫిర్యాదంతా అక్కడే.

గ్లకోమా చుక్కల పని డెల్టా రైతుకు చెప్పడం తేలిక. కంట్లో నీరు ఊరుతూ ఉంటుంది, పోతూ ఉంటుంది. డ్రెయిన్‌లో గుర్రపుడెక్క పేరుకుంటే చేలో నీరు నిలిచిపోయినట్టే, పోయే దారి మూసుకుపోతే కంట్లో ఒత్తిడి పెరుగుతుంది. మామూలుగా అది 10 నుంచి 21 పాయింట్ల మధ్య ఉంటుంది. (అంతే ఉన్నా నరం దెబ్బతినేవాళ్లూ ఉన్నారు, అది వేరే కథ.) టిమోలాల్, డోర్జోలమైడ్ అనే చుక్కలు, పై తూము బిగించినట్టు, ఊరే నీటిని తగ్గిస్తాయి. లాటనోప్రాస్ట్ అనే చుక్క నీరు పోయే దారిని మెరుగుచేస్తుంది. అయితే మునిగి కుళ్లిన వరి మళ్లీ లేవదు, చచ్చిన నరమూ అంతే. ఉన్న చూపు నిలబడటమే లాభం. ఆ లాభం కంటికి కనబడదు కాబట్టే చాలామంది రెండు సీసాలు వాడి మానేస్తారు. పైగా ముందు పోయేది పక్కచూపు. పేపరు చదవగలుగుతున్నంతకాలం జబ్బున్నట్టే అనిపించదు.

మా మేనత్తకు ఉబ్బసం. కంటి డాక్టరు టిమోలాల్ రాశారు. ఆయన అడగలేదు, ఈవిడ చెప్పలేదు. ఆయాసం ఎక్కువై ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్తే, ఏం మందులు వాడుతున్నారంటే బీపీ బిళ్ల పేరొక్కటే చెప్పింది. చుక్కలు కూడా మందేనని ఆవిడకు తోచలేదు. కంట్లో వేసిన చుక్క కన్నీటి దారిన ముక్కులోకి దిగి, అక్కడి నుంచి రక్తంలో కలుస్తుంది. టిమోలాల్ ఊపిరి గొట్టాలను బిగించగలదు, గుండె వేగాన్ని తగ్గించగలదు. చుక్క వేశాక కన్ను మూసుకుని, ముక్కు పక్కన కంటి మూలను రెండు నిమిషాలు వేలితో నొక్కి ఉంచితే ఒంట్లోకి వెళ్లేది బాగా తగ్గుతుంది. ఉబ్బసం ఉన్నవాళ్లకు మాత్రం ఆ చిట్కా చాలదు, మందే మార్చాలి. మార్చడానికి వేరే మందులున్నాయి.

లాటనోప్రాస్ట్‌తో కన్ను ఎర్రబడటం, రెప్ప వెంట్రుకలు పొడవవడం లాంటివి ఉంటాయి, వాటికి భయపడి మానేయక్కర్లేదు. బ్రిమోనిడిన్ అనే ఇంకో గ్లకోమా చుక్క పెద్దవాళ్లకు మగత తెప్పిస్తుంది, పసిపిల్లలకైతే ప్రాణాంతకం కావచ్చు. ఒకటికి రెండు చుక్కలు వేస్తే రెండోది చెంప మీదికే జారుతుంది, డబ్బు దండగ. రెండు రకాల మందులుంటే మధ్యలో అయిదు నిమిషాలు ఆగాలి.

స్టెరాయిడ్ చుక్కలు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదన్న నిబంధన ఇప్పటికే ఉంది. కాగితం మీద. గ్లకోమా చుక్కల విషయానికొస్తే, బీపీ, షుగర్ బిళ్లలు ప్రభుత్వాసుపత్రిలో నెలనెలా ఇస్తున్నట్టే వీటినీ ఊళ్లోనే ఇవ్వాలి. ఇవీ జీవితాంతం వాడాల్సినవే. సీసా కోసం నెలనెలా అమలాపురమో భీమవరమో వెళ్లాలంటే కూలిపని చేసుకునేవాళ్లు ఎన్నాళ్లు తిరుగుతారు?

మా అత్తకు మందు మార్చారు. కొత్త సీసా బీపీ బిళ్లల డబ్బాలోకి చేరింది. కిటికీ గూట్లో పాత దురద చుక్కల సీసా ఇంకా ఉంది. మావయ్య పారెయ్యనివ్వడం లేదు.