తుఫాను షెల్టర్ మీద ఒక నోడ్

2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు వద్ద రైలు కట్టను కోసుకుపోయి, జాతీయ రహదారిని సైతం తెంచిన రోజులు నెల్లూరు జిల్లాకు ఇంకా గుర్తున్నాయి. 2023 డిసెంబరు 5న బాపట్ల వద్ద తీరం దాటడానికి ముందు మిచౌంగ్ తుఫాను మన తీరాన్ని ఒరుసుకుంటూ వెళ్లింది. గాలివాన ముదిరితే మొదట పోయేది కరెంటు. సెల్ టవర్ బ్యాటరీ కొన్ని గంటలు ఓపిక పడుతుంది. ఆ తర్వాత జనరేటర్‌కు డీజిల్ చేర్చాలంటే దారి తెగకుండా ఉండాలి. సరిగ్గా ఆ చీకటి గంటల్లో పాలేనికీ పాలేనికీ మధ్య నాలుగు మాటలు చేరవేసే చిన్న రేడియో జాలాన్ని మన తీర గ్రామాలు సొంతంగా నిలబెట్టుకోగలవని, నిలబెట్టుకోవాలని మేము కోరుతున్నాము.

ఇది కొత్తగా కనిపెట్టవలసినదేమీ కాదు. 2020లో మొదలైన మెష్‌టాస్టిక్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను అరచేతిలో ఇమిడే లోరా (తక్కువ కరెంటుతో చిన్న సందేశాలను దూరం పంపే పద్ధతి) రేడియో బోర్డులో ఎక్కిస్తే అది నోడ్ అవుతుంది. మన ఫోను బ్లూటూత్ ద్వారా ఆ నోడ్‌కు సందేశమిస్తే, అది గాలిలోకి పంపుతుంది. విన్న ప్రతి నోడూ అవసరాన్ని బట్టి దాన్ని ముందుకు అందిస్తుంది. మధ్యలో టవర్ లేదు, సిమ్ లేదు, ఇంటర్నెట్ లేదు. మన దేశంలో 865–867 మెగాహెర్ట్జ్ మధ్య నిర్ణీత శక్తికి లోబడిన పరికరాలకు లైసెన్సు అవసరం లేదు. అయితే విదేశాల కోసం 915 మెగాహెర్ట్జ్‌కు తయారైన బోర్డులు చవకగా దొరుకుతున్నాయని కొనడం పొరపాటు.

నోడ్‌ను కట్టడం ఒక పూట పని. దాన్ని నడపడమే అసలు పని. బోర్డు, లిథియం సెల్, చిన్న సోలార్ పలక, నీరు చొరని ప్లాస్టిక్ పెట్టె, పైన యాంటెన్నా ఉంటే చాలు. యాంటెన్నా బిగించకుండా కరెంటు ఇస్తే రేడియో చిప్ దెబ్బతినవచ్చు కనుక ఆ క్రమం తప్పకూడదు. మైపాడు, కొత్తపట్నం వంటి చోట్ల ఇత్తడి కనెక్టర్‌ను ఉప్పుగాలికి వదిలేస్తే కొన్నాళ్లకే పచ్చగా చిలుమెక్కుతుంది, సందేశాలు దగ్గరి ఊరికి కూడా అందవు. అందుకే కనెక్టర్‌పై తనలో తాను అతుక్కునే రబ్బరు టేపు చుట్టాలి, వాననీరు లోపలికి పోకుండా, తీగ పెట్టెలోకి దిగేటప్పుడు కిందికి ఒక వంపు ఇవ్వాలి. మే నెల ఎండలో మూసిన పెట్టె లోపల వేడి 45 డిగ్రీలు దాటడం పెద్ద విషయం కాదు, ఆ వేడిలో సాధారణ లిథియం సెల్‌ను ఛార్జ్ చేయకూడదు. తెల్ల రంగు పెట్టెను పలక నీడలో బిగిస్తే చాలావరకు బాధ తప్పుతుంది.

కావలి నుంచి కృష్ణపట్నం దాకా తీరం బల్లపరుపు. ఎత్తు కావాలంటే తుఫాను షెల్టర్ల మేడలూ, మంచినీళ్ల ట్యాంకులే గతి. లోపలివైపు నరసింహకొండ, సింగరాయకొండ వంటి ఎత్తులపై పెట్టిన ఒక్క నోడ్ మైదానంలోని అనేక నోడ్ల పని చేస్తుంది. సందేశం సాధారణంగా మూడు అంచెలు (ఒక నోడ్ నుంచి మరో నోడ్‌కు ఒక్కో గెంతు ఒక్కో అంచె) దాటేలా అమరి ఉంటుంది. ఎక్కువ దూరం పోవాలన్న ఆశతో అందరూ ఆ సంఖ్యను ఏడుకు పెంచితే, సెకనుకు సుమారు 1,000 బిట్లు మాత్రమే మోసే ఈ ఇరుకు దారి పనికిరాని నకళ్లతో నిండిపోతుంది.

మాటలు కూడా పొదుపుగానే వాడాలి. ఒక సందేశంలో పట్టేది సుమారు 200 బైట్లు. తెలుగులో 'తుఫాను' అనే మూడక్షరాల మాటకే 18 బైట్లు పడతాయి. కనుక ఊరి పేరు, చిక్కుకున్నవారి సంఖ్య, కావలసిన సహాయం అనే వరుసను ముందే నిర్ణయించుకుని, షెల్టర్ గోడ మీద తెలుగులో పెద్దక్షరాలతో రాసి ఉంచడం మంచిది. సాఫ్ట్‌వేర్‌తో మొదట వచ్చే సాధారణ ఛానల్ తాళం, అంటే సందేశాన్ని ఇతరులు చదవకుండా దాచే రహస్య సంకేతం, అందరికీ తెలిసినదే. గ్రామాలు తమ సొంత తాళంతో వేరే ఛానల్ పెట్టుకోవాలి. ఇది నడిసంద్రంలోని బోట్లకు భరోసా కాదనీ, ప్రభుత్వ హెచ్చరిక వ్యవస్థకు బదులు కాదనీ మత్స్యకారులకు స్పష్టంగా చెప్పాలి.

ఇందులో పెద్ద ఖర్చు లేదు, పెద్ద బాధ్యత ఉంది. షెల్టర్ మేడ ఎక్కడానికి పంచాయతీ అనుమతినివ్వాలి. ప్రతి నోడ్‌కూ ఊళ్లోనే ఒక బాధ్యుడు ఉండాలి, పెట్టె తాళంచెవి అతని దగ్గరే ఉండాలి. సమీప ఇంజినీరింగ్ కళాశాలల విద్యార్థులకు ఏటా రెండుసార్లు పరీక్షించే పని అప్పగించవచ్చు. కలెక్టరేట్ కంట్రోల్ రూమ్‌లో ఒక నోడ్ పెట్టి, రాత్రి షిఫ్టు సిబ్బందికి దాన్ని చదవడం నేర్పకపోతే తీరంలోని వారు పంపిన సందేశం వినే చెవి లేకుండా పోతుంది. ఈశాన్య రుతుపవనాలు అక్టోబరులో వస్తాయి. ఆగస్టులో పెట్టెలు మేడలెక్కాలి. సెప్టెంబరులో ఒక రాత్రి ఫోన్ల డేటా, సిమ్‌లు ఆపేసి, చివరి పాలెం నుంచి కంట్రోల్ రూమ్ దాకా ఒక సందేశం పంపి, ఎక్కడ ఆగిందో చూసి సరిచేయాలి.