సొరంగంలో ఉన్నప్పుడు మనం ఎవరం?

రాయలసీమ ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో కచ్చితంగా తెలిసిన మనిషి ప్రతి రైలు బోగీలో ఒకాయన ఉంటాడు. టీసీ వచ్చినా రాకపోయినా ఆయన మాత్రం ఉంటాడు. మొన్న ఏప్రిల్లో గుంటూరు నుంచి గుంతకల్లు వైపు వస్తుంటే నాకు ఎదురు సీట్లోనే దొరికాడు. నరసరావుపేట దాటేసరికి చెప్పులు విప్పి కాళ్లు పైకి పెట్టుకున్నాడు, వినుకొండ దాటేసరికి మా అందరి ఊళ్లూ అడిగేశాడు, మార్కాపురం రోడ్డు వచ్చేసరికి బోగీ మొత్తానికి సరిహద్దుల కమిషన్ చైర్మన్ అయిపోయాడు. ఉత్తర్వులు ఎవరిచ్చారని నేను అడగలేదు. ఇలాంటి పదవులకు గొంతు ఉంటే చాలు.

చైర్మన్ గారి తీర్పు ఏమిటంటే, సీమ దిగువమెట్ట దాటాక బొగద సొరంగం దగ్గర మొదలవుతుంది. సొరంగానికి ఇటు కోస్తా, అటు సీమ. నల్లమలను దేవుడు అక్కడ పెట్టిందే అందుకట. పులులూ చెట్లూ తర్వాత వచ్చి చేరాయి కాబోలు.

గిద్దలూరులో ఎక్కిన ఒక పెద్దాయనకు ఇది నచ్చలేదు. "అట్లంటే ఎట్ల సార్, మాది 1970 దాకా కర్నూలు జిల్లానే. మా నాయన భూమి కాగితాల మీద ఇప్పటికీ కర్నూలు జిల్లా అనే ఉంటాది. మరి మేమేంది?" అన్నాడు. చైర్మన్ గారు ఒక్క క్షణం కళ్లు మూసుకుని, తెరిచి, "మీరు మాజీ సీమ" అన్నారు. మాజీ ఎమ్మెల్యే, మాజీ సైనికుడు అన్నట్టే మాజీ సీమ. పింఛను కూడా ఇస్తారేమో అడగండి అందామనుకున్నాను గానీ పెద్దాయన మొహం చూసి ఊరుకున్నాను.

ఆయన చెప్పిందాంట్లో అబద్ధం ఏమీ లేదు. 1970 ఫిబ్రవరి 2న కర్నూలు నుంచి మార్కాపురం, గిద్దలూరు వైపు ఒక ముక్క, నెల్లూరు నుంచి కందుకూరు, కనిగిరి వైపు ఇంకో ముక్క, గుంటూరు నుంచి ఒంగోలు వైపు మరో ముక్క తెచ్చి కొత్త జిల్లా కుట్టారు. మొదట ఒంగోలు జిల్లా అన్నారు, తర్వాత ప్రకాశం అన్నారు. అంటే ముందు రోజు రాత్రి సంగటి తిని సీమవాళ్లుగా పడుకున్న జనం, ఆ సంగటి ఇంకా అరగకముందే కోస్తావాళ్లుగా నిద్ర లేచారన్నమాట. దీనికి ఎవరికైనా వైద్యం చేయించారో లేదో మరి.

ఇంతలో పై బెర్తు మీద నుంచి ఒక కాలేజీ కుర్రాడు తల కిందికి వేలాడేసి, "అంకుల్, మరి సొరంగంలో ఉన్నప్పుడు మనం ఎవరం?" అన్నాడు.

వాడు ఎగతాళికే అడిగాడు. చైర్మన్ గారు దాన్ని ఎజెండాలో చేర్చారు. సొరంగానికి సరిగ్గా సగంలో హద్దు పెట్టాలని ఆయన మొదటి ప్రతిపాదన. అట్లయితే ఇంజను సీమలోకి వెళ్లిపోయాక కూడా వెనక బోగీలు కోస్తాలోనే ఉంటాయి కదా, కాసేపు డ్రైవరు సీమవాడు, గార్డు కోస్తావాడు అవుతారు కదా, ఒకే రైలు రెండు ప్రాంతాలకు ఎట్లా చెందుతుందని పక్క సీటాయన ఆక్షేపణ. బోగీ బోగీకి విడిగా లెక్కేద్దామని సవరణ. మరి ఆ సమయంలో బాత్రూముకు లేచి వెనక్కి నడిచినవాడు సీమ నుంచి మళ్లీ కోస్తాకు వలస పోయినట్టా? దీని మీద చాలాసేపు చర్చ జరిగింది. వినుకొండలో కొన్న నీళ్ల సీసాను సొరంగం దాటాక తాగితే అవి ఎవరి నీళ్లు అని కుర్రాడు మళ్లీ అడిగాడు. కోస్తా నీళ్లు సీమకు పారడం నా కళ్లతో చూడటం అదే మొదటిసారి కాబట్టి, ఆ సీసా మూత తీసేటప్పుడు ఎవరైనా మంత్రిని పిలిపించి కొబ్బరికాయ కొట్టిస్తే బాగుండేదనిపించింది.

రైలు నిజంగా సొరంగంలోకి దూరింది. చీకటి. కమిషన్ మొత్తం మూగబోయింది. చీకట్లో ఎవరిది ఏ ప్రాంతమో కనిపించదు కదా. వెలుగులోకి రాగానే చైర్మన్ గారు "ఇదిగో, ఇది సీమ" అని కిటికీలోంచి చెయ్యి చాపారు. బయట అవే చెట్లు. కొమ్మ మీద ఒక కోతి ఆయన చేతికేసి చూసింది, తినడానికేమైనా ఇస్తాడేమోనని.

తర్వాత నెల్లూరు వచ్చింది. రైల్లో కాదు, మాటల్లో. నెల్లూరు సీమా, కోస్తానా అనేది ఇట్లాంటివాళ్లకు మహా ఇష్టమైన ప్రశ్న. 1937లో కోస్తా, సీమ పెద్దలు చేసుకున్న శ్రీబాగ్ ఒప్పందంలో కృష్ణా, తుంగభద్ర, పెన్నా నీళ్లలో రాయలసీమకు, నెల్లూరుకు ముందు వంతు అని పక్కపక్కనే రాశారు. మధ్యలో కామా. పాపం నెల్లూరు ఎనభై ఏళ్లు దాటినా ఆ కామా మీదే నిలబడి ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు 13 నుంచి 26 చేసినప్పుడు గూడూరు, వెంకటగిరి, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి వచ్చాయి, వాటితో పాటు పులికాట్ సరస్సు, శ్రీహరికోట కూడా. అడక్కుండానే సీమకు సముద్రం వచ్చింది, రాకెట్లు వచ్చాయి. ఏటా చలికాలంలో వచ్చే ఫ్లెమింగోలను మాత్రం మీరు సీమ పక్షులా, కోస్తా పక్షులా అని ఇంకా ఎవరూ అడిగినట్టు లేదు. ఈయన అడుగుతాడు.

అసలు పాత కాగితాలు తీసి నిక్కచ్చిగా గీత గీద్దాం పదండి అంటే మొదట మునిగేది వీళ్లే. 1800లో నిజాం తన దగ్గర పెట్టుకున్న ఇంగ్లీషు సైన్యం ఖర్చు కింద ఈస్టిండియా కుంపిణీకి రాసిచ్చిన జిల్లాలే కదా దత్త మండలాలు, అంటే సీమ పాత పేరు. వాటిలో తిరుపతి లేదు. అది ఉత్తర ఆర్కాటు. 1911లో చిత్తూరు జిల్లా పెట్టాక ఇటు చేరింది. అంటే చైర్మన్ గారి రూలు ప్రకారం వెంకన్న ఫైలు కూడా పెండింగే. బళ్లారి దత్త మండలాల్లో ఉంది గానీ, 1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు ఉంచుకుని మిగతాది మైసూరుకు ఇచ్చేశారు. ఆ మిగతాదానితో పాటే హంపీ పోయింది. రాయల పేరు పెట్టుకున్న సీమలోంచి రాయల రాజధానే బయట పడిందండీ. ఇంకేం గీస్తారు గీత? ఆ పేరు పెట్టింది కూడా 1928లో నంద్యాల సభలో. సూచించినాయన చిలుకూరి నారాయణరావు, ఉత్తరాంధ్ర నుంచి వచ్చి అనంతపురం కాలేజీలో పాఠాలు చెప్పిన మనిషి. ఆ రోజు ఈ చైర్మన్ సభలో ఉండుంటే, మీకు మాట్లాడే హక్కు లేదని ఆయన్ను వేదిక దింపేసి ఉండేవాడు. మనం ఇప్పటికీ దత్తపుత్రులుగానే మిగిలేవాళ్లం.

ఇదంతా జరుగుతున్నంతసేపూ బోగీలో అందరం తుమ్ముతూనే ఉన్నాం. నేను మొదట చెప్పాల్సింది అదే, మర్చిపోయాను. తలుపు దగ్గర, బాత్రూముల పక్కన, మూడు కుటుంబాలు గుంటూరులోనే ఎక్కి నేల మీద కూర్చున్నాయి. మూటల నిండా ఎండుమిరపకాయలు. కర్నూలు జిల్లా కోసిగి వైపు వాళ్లు. మాట కలిపితే చెప్పారు, సుగ్గికి పోయి వస్తున్నామని. ఊళ్లో పంట ఎండితే ఇంటికి తాళమేసి, పిల్లల్ని బడి మాన్పించి, మూడు నాలుగు నెలలు గుంటూరు వైపు మిరపకాయ కోతలకు పోతారు, చేను పక్కనే పట్టలు కట్టుకుని బతుకుతారు. ఆదోని, మంత్రాలయం, పత్తికొండ వైపు ఇది ఏడాదేడాదీ జరిగేదే. ఆ రోజుల్లో అక్కడి బళ్లలోకి వెళ్లి చూడండి, హాజరు పట్టీలో పేర్లుంటాయి, బెంచీల మీద పిల్లలుండరు.

చైర్మన్ గారు వాళ్లను అడిగిన ప్రశ్న ఒకే ఒకటి. "ఏయ్, రిజర్వేషన్ ఉందా మీకు? మూటలు అవతల పెట్టండి."

సిగ్గు లేదూ? సీమ ఎక్కడ మొదలవుతుందని రెండు గంటలు గొంతు చించుకున్నావే, ఆ హద్దును ఏడాదికి రెండుసార్లు కాళ్లతో దాటేవాళ్లు నీ కాళ్ల దగ్గరే కూర్చున్నారు, వాళ్లనొక్క మాట అడిగావా? తుంగభద్ర వాళ్ల పక్కనుంచే పోతుంది. ముందు వంతు నీదేనని పెద్దలు 1937లోనే సంతకాలు చేశారు. ఆ వంతు ఏమైందని ఏ బోగీలోనైనా, ఏ చైర్మనైనా, ఇంత గొంతుతో అడగ్గా నేను వినలేదు. యాస గురించి మాట్లాడతారు, సంగటి గురించి మాట్లాడతారు, పౌరుషం గురించి చెప్పక్కర్లేదు, నీళ్ల దగ్గరికి వచ్చేసరికి అందరికీ గొంతు ఎండిపోతుంది. ఈ మాట నేను అక్కడ పైకి అనలేదు. అని ఉండాల్సింది. నాకూ రిజర్వేషన్ సీటే ఉంది మరి.

నంద్యాలలో చైర్మన్ గారు దిగారు. దిగుతూ దిగుతూ గిద్దలూరు పెద్దాయనతో, "మీ కేసు మళ్లీ పరిశీలిద్దాం" అన్నారు, నవ్వుతూనే. ఆయన ఖాళీ చేసిన కిటికీ సీట్లోకి కోసిగి వాళ్ల పాప ఎక్కి కూర్చుంది, ఏడెనిమిదేళ్లుంటాయి, మిరప ఘాటుకు చేతులు ఎర్రగా పొక్కి ఉన్నాయి. బయటికి చూస్తూ, "మా, మనూరు వచ్చిండాదా?" అని అడిగింది.

"యాడొచ్చె? ఇంగా శానా దూరముంది, పండుకో" అంది వాళ్లమ్మ.