ఉభయకుశలోపరి, ఎస్ఎస్‌హెచ్‌ఎఫ్‌ఎస్ గారూ!

హనుమకొండ నుంచి రాయునది ఏమనగా, ఇక్కడ నేను క్షేమం. తమరి క్షేమం తెలుసుకుందామని, ఫోల్డర్‌లో ఏముందో చూపించే ‘ఎల్ఎస్’ కమాండ్ కొట్టి పావుగంటయింది. కర్సర్ కొట్టుకుంటూనే ఉంది, ఉలుకూ లేదు, పలుకూ లేదు.

దూరపు ఫోల్డర్‌ను దగ్గరికి తెచ్చే ప్రోగ్రామ్‌గా తమరి ఘనత తెలియక కాదు. హైదరాబాద్‌లో ఎక్కడో ఉన్న సర్వర్ ఫోల్డర్‌ను ఒక్క లైను కమాండ్‌తో తెచ్చి, నా ల్యాప్‌టాప్‌లో చెల్లెలి పెళ్లి ఫొటోల పక్కన కూర్చోబెడతారు. వేయి స్తంభాల గుడి నుంచి ఖిల్లా దాకా సొరంగం ఉందని మా ఊళ్లో చిన్నప్పటి నుంచీ వింటున్నాం, చూసినవాళ్లు మాత్రం లేరు. తమరి సొరంగం నిజం. సర్వర్ వైపు 22వ నంబరు పోర్టు అనే ద్వారంలో తేలుతుంది, మధ్యలో ఎవడు చెవి పెట్టినా వాడికి దక్కేవి పిచ్చిగీతలే. ఫిన్లాండ్‌లో యూనివర్సిటీ నెట్‌వర్క్ మీద ఎవరో పాస్‌వర్డ్‌లు కాజేస్తే, టాటూ యూలొనెన్ 1995లో, దూరపు కంప్యూటర్‌తో గుట్టుగా మాట్లాడేందుకు ఎస్ఎస్‌హెచ్ రాశాడు. ఆ వంశం తమరిది. తాళంచెవి ఫైలు మరొకరు చదివేలా ఉంటే ముట్టరు, సొంతదారుకు మాత్రమే అందే 600 లాంటి పర్మిషన్ పెట్టాల్సిందే. ఇంత మడి ఉన్నవారికి, పోతూ పోతూ ఒక మాట చెప్పే మర్యాద లేదెందుకు?

మంగళవారం కరెంటు పోయింది. రౌటర్ ఆరిపోయింది, నేను ఫోన్ హాట్‌స్పాట్‌కు మారాను. తమరికి పాత దారి తెగిందని కూడా తెలియలేదు. ఆపమని కంట్రోల్ సీ కొట్టినా చలనం లేదు. చివరికి ‘ట్రాన్స్‌పోర్ట్ ఎండ్‌పాయింట్ ఈజ్ నాట్ కనెక్టెడ్’, అంటే అవతలి కొస కలిసి లేదు, అన్నారు. కాజీపేట స్టేషన్‌లో బండి లేటయితే కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నామనైనా అంటారు కదండీ!

మా అమ్మను చూడండి. నేను హైదరాబాద్ నుంచి బయల్దేరితే భువనగిరి దాటావా, జనగామ వచ్చిందా అని ఫోన్ మీద ఫోన్. తమరికి డిఫాల్ట్‌గా ఆ ఆరాటమే లేదు, ఎన్ని సెకన్లకోసారి సర్వర్‌ను పలకరించాలో చెప్పే సర్వర్‌అలైవ్‌ఇంటర్వెల్ సున్నా. దాన్ని 15 చేసి, కౌంట్‌మాక్స్ 3 పెట్టి (జవాబు రాని పలకరింపులు మూడయితే తెగినట్టే), రీకనెక్ట్ కూడా తగిలిస్తే తప్ప, ముక్కాలు నిమిషంలో తేరుకుని మళ్లీ కలవరు. ఇదంతా నేను మ్యాన్ పేజీ, అదే తమరి మాన్యువల్, తిరగేసి నేర్చుకోవాలా?

దీనికంటే పెద్ద దెబ్బ ఇంకోటి. ఆ రాత్రి తమరిని ఫోల్డర్ మీంచి దింపేసి (అన్‌మౌంట్) పడుకున్నాను, సర్వర్ ఫోల్డర్‌లో రిపోర్టులు రాసే స్క్రిప్ట్‌ను ఆపడం మర్చిపోయాను. అది తమరు ఖాళీ చేసిన ఫోల్డర్‌లోనే, అంటే నా సొంత డిస్క్‌లోనే, రాత్రంతా రిపోర్టులు పోసింది. పొద్దున తమరిని మళ్లీ ఎక్కిస్తే వాటి మీదే కూర్చుని కప్పేశారు. వెనకటి వెర్షన్లో ఫోల్డర్ ఖాళీగా లేకపోతే ఎక్కనని మొండికేసేవారు, ఇప్పుడు ఆ మొహమాటం కూడా పోయింది. సర్వర్‌లో రిపోర్టులు లేవని మేనేజర్ గారు, రాసింది నిజమని లాగ్‌లు. మూడు రోజులు నా పని గోవిందా అనుకున్నాను. విసుగొచ్చి మళ్లీ దింపితే, చాప ఎత్తగానే కనబడ్డ చిల్లరలా అన్నీ అక్కడే!

ఇప్పుడు రౌటర్‌ను ఇన్వర్టర్ ప్లగ్గుకు మార్చాను. మా ఇంట్లో ఆ ప్లగ్గు ఒక్కటే, దాన్లో ఉన్నది అమ్మ టేబుల్ ఫ్యాన్. ఆవిడింకా చూసుకోలేదు. మళ్లీ కరెంటు పోయేలోగా ఆ ‘ఎల్ఎస్’కు జవాబిప్పించగలరు.

ఇట్లు,
తమరి యూజర్