కూలితేనే కట్టే దేశం

అమెరికా నిర్మాణ రంగం చేతకానిదైపోయిందని గిట్టనివాళ్లు ప్రచారం చేస్తున్నారు. వాళ్లు 2023 జూన్‌ని మరిచిపోయినట్టున్నారు. ఆ నెల 11న ఫిలడెల్ఫియాలో పెట్రోలు ట్యాంకరుకి మంటలంటుకుని ఐ-95 హైవే వంతెన కూలింది. బాగుచేయడానికి నెలలు పడుతుందన్నారు. 12 రోజుల్లో బళ్లు తిరిగాయి! గవర్నరు విపత్తు ప్రకటన మీద సంతకం పెట్టి, మామూలు పద్ధతుల్ని పక్కన పెట్టాడు. పాత గాజుతో చేసిన తేలిక కంకర పోసి, రాత్రీ పగలూ పనిచేసి, పైన తారు వేశారు. మేస్త్రీలు మారలేదు, యంత్రాలు మారలేదు. ఫైలు ఒక్కటే సెలవు మీద వెళ్లింది.

కాబట్టి ఆ రంగానికున్న అసలు బలం ప్రమాదమేనని సవినయంగా మనవి చేస్తున్నాను. ఇక సవాలంటారా, ప్రమాదాలు రోజూ జరగవు.

కాలిఫోర్నియా హైస్పీడ్ రైలునే తీసుకోండి. 2008లో జనం ఓటేసి ఒప్పుకున్నారు. అంచనా 33 బిలియన్ డాలర్లు, గడువు 2020. గడువు దాటింది, అంచనా వంద బిలియన్లు దాటింది, ఇంకా ఒక్క ప్రయాణికుడూ ఎక్కలేదు. దాన్ని ఫిలడెల్ఫియా పద్ధతిలో ముగిద్దామన్నా కుదరదు. కూలాలంటే ముందు లేవాలి కదా!

1930 మార్చిలో మొదలెట్టిన ఎంపైర్ స్టేట్ భవనాన్ని మరుసటి ఏడాది మే నెల ఒకటో తేదీన, 102 అంతస్తులతో తెరిచిన దేశమే ఇది. (ఆ వేగానికి కూలీల ప్రాణాలూ పోయాయి. దాన్ని వెనక్కి తెమ్మని నేననను.) ఇప్పుడు పెద్ద ప్రాజెక్టుకి పర్యావరణ నివేదిక రాయడానికే సగటున నాలుగేళ్లకు పైగా పట్టిందని ప్రభుత్వ లెక్కే చెప్పింది. ఆ తర్వాత కోర్టు కేసులు. ఈ రంగంలో ఆలస్యం లేకుండా ఉత్పత్తయ్యేది కాగితమే.

కూలీల విషయంలో మాత్రం దూరదృష్టి మెచ్చుకోదగ్గది. డాలస్ చుట్టుపక్కల మనవాళ్లు పాలు పొంగించే చెక్క ఇళ్ల పైకప్పులు వేసేది ఎక్కువగా మెక్సికో, మధ్య అమెరికా నుంచి వచ్చినవాళ్లే. పనివాళ్లు చాలడం లేదని బిల్డర్లు మొత్తుకుంటుంటే, ప్రభుత్వం ఉన్నవాళ్లని పట్టుకెళ్లే పనిలో పడింది. 2025 సెప్టెంబరులో జార్జియాలో హ్యుందాయ్, ఎల్‌జీ కడుతున్న బ్యాటరీ ఫ్యాక్టరీ మీద దాడి చేసి 475 మందిని పట్టుకున్నారు, అందులో 300 మందికి పైగా కొరియన్లు. వచ్చి ఫ్యాక్టరీ పెట్టండని రాయితీలిచ్చి పిలిచిందీ వాళ్లే, కట్టేవాళ్లకి సంకెళ్లు వేసిందీ వాళ్లే. ఇక ఉక్కు మీద 50 శాతం సుంకం, కెనడా చెక్క మీద ఇంకో సుంకం. ఇల్లు చవకగా వస్తుందన్న హామీ మీద మాత్రం ఇంకా పన్ను పడలేదు.

అన్నిటికీ తలమానికం శాన్‌ఫ్రాన్సిస్కో నోయీ వ్యాలీ మరుగుదొడ్డి. ఒకే గది, 150 చదరపు అడుగులు, నీళ్ల పైపులు ముందే వేసి ఉన్నాయి. అంచనా 17 లక్షల డాలర్లు, గడువు 2025. దాని రూపురేఖల్ని కళల కమిషన్ కూడా పరిశీలించాలి మరి! డబ్బు మంజూరైందని 2022లో నాయకులు సంబరం తలపెట్టి, జనం నవ్వేసరికి రద్దు చేసుకున్నారు. చివరికి నెవాడా కంపెనీ ఒకటి రెడీమేడ్ మరుగుదొడ్డిని దానంగా ఇస్తే, 2024 ఏప్రిల్‌లో తెరిచారు. ఇన్ని కాగితాలెందుకని ఇంతసేపూ విసుక్కున్నాను గానీ, ఆ దేశంలో కాగితం లేనిదే గడవని కట్టడం ఇదొక్కటుందని ఒప్పుకోక తప్పదు.