పిడికెడు బియ్యం, ఒక్క గిన్నె

కాజీపేట నుంచి విజయవాడ వైపు వెళ్లే రైలు డోర్నకల్‌ జంక్షన్‌లో ఆగితే, భద్రాచలం రోడ్డు బండి కోసం దిగేవారే ఎక్కువ. ఊళ్లోకి నడిచి అక్కడి ఎపిఫనీ కెథడ్రల్‌ చూసి వచ్చేవారు తక్కువ. చూసినవారు మాత్రం కాసేపు తెల్లబోతారు. స్తంభాలు దేవాలయ మండపాన్ని తలపిస్తాయి, పైనున్న గుమ్మటాలు మసీదును గుర్తుచేస్తాయి, లోపల శిలువ ఉంటుంది. ఏళ్ల తరబడి కట్టి 1939లో ప్రతిష్ఠించిన ఆ గుడి వెనుక ఉన్న మనిషి బిషప్‌ వేదనాయగం శామ్యూల్‌ అజరయ్య. నేటి మహబూబాబాద్‌ జిల్లాలో, నిన్నటి ఉమ్మడి వరంగల్‌లో, జీవితంలో సగం గడిపిన ఆయన పేరు మన బడి పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

1874లో తిరునెల్వేలి ప్రాంతంలో పుట్టిన తమిళుడాయన. తండ్రి పల్లెటూరి పాదరి. గుడి మెట్లెక్కే హక్కు కోసం తరాలుగా పోరాడిన నాడార్‌ కులం వారిది. 1909లో డోర్నకల్‌ చేరేనాటికి ఆయనకు ముప్పై అయిదేళ్లు. ఆ వయసులో తెలుగు నేర్చుకుని తెలుగు పల్లెల్లో తిరిగారు. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో పాశ్చాత్యుల ముఖం మీదే ఒక మాట అన్నారు. మీరు పేదలకు సొమ్ము ఇచ్చారు, ప్రాణాలూ ఇచ్చారు, ఇప్పుడు మాకు స్నేహితులను ఇవ్వండి అని. దానం చేసే చేయి ఎప్పుడూ పైనే ఉంటుందని, పక్కన కూర్చునే మనిషి వేరని ఆయన అంత సూటిగా చెప్పారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆంగ్లికన్‌ (ఇంగ్లండ్‌ చర్చి సంప్రదాయపు) సంఘపు తొలి భారతీయ బిషప్‌ అయ్యారు.

ఆయన పదవి కన్నా పని గురించి చెప్పుకోవాలి. నిజాం ఏలుబడిలోని పల్లెల్లో మాల, మాదిగ వాడలకు బడి లేదు, వెట్టి ఉంది. గడీకి కట్టెలు మోయాలి, దొరకు చెప్పులు కుట్టి ఇవ్వాలి, కబురు అందితే కల్లంలో పని వదిలి పరుగెత్తాలి. అటువంటి వాడల్లోకి అజరయ్య పంపినది ముందుగా ఉపదేశిని. ఉపదేశి అంటే ప్రార్థన చెప్పే మనిషి, అక్షరం చెప్పే మనిషి కూడా. కూలి నుంచి తిరిగివచ్చినవారు లాంతరు చుట్టూ చేరితే ఆయన కీర్తన నేర్పేవాడు, ఓనమాలు దిద్దించేవాడు. పట్వారీ చాచిన కాగితంపై వేలిముద్ర వేసే ముందు అందులో ఏం రాసి ఉందో చదవగలిగిన మనిషి ఒకడు తమ వాడలోనే ఉండడం ఎంత పెద్ద విషయమో, వెట్టి కాలం చూసిన ఇళ్లలో పెరిగినవారికి వేరే చెప్పనక్కరలేదు. 1935 నాటికి, తెలంగాణ నుంచి కృష్ణా తీరం దాకా విస్తరించిన ఆ మేత్రాసనంలో, అంటే ఆ బిషప్‌ పరిధిలో, 250 మంది భారతీయ పాదరులు, రెండు వేలకు పైగా గ్రామ ఉపాధ్యాయులు ఉన్నారు.

వీరిని పోషించిన సొమ్మంతా సముద్రాలు దాటి రాలేదు. వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఇల్లాలు ఒక పిడికెడు తీసి పక్క కుండలో వేసేది. ఆదివారం ఆ బియ్యం గుడికి చేరేది. తనకే చాలని గింజల్లోంచి తీసిన ఆ పిడికెడు వల్ల, వాడలోని బడి మీద వాడకు హక్కు వచ్చింది. ఇంకొకరి దయతో నడిచే బడికి ఆ హక్కు ఉండదు.

ఇంతకన్నా కష్టమైన పని గుడి లోపల జరిగింది. మాలలు, మాదిగలు ఒకరి చేతి నీళ్లు ఒకరు తాగని రోజులవి. ప్రభువు బల్ల దగ్గర, అంటే క్రీస్తు చివరి విందును తలచుకునే ఆరాధనలో, అందరూ ఒకే రొట్టె తినాలని, ఒకే గిన్నె నుంచి తాగాలని అజరయ్య పట్టుబట్టారు. క్రైస్తవ సంఘంలో కులానికి చోటిస్తే అది సంఘమే కాదన్నది ఆయన నమ్మకం. మతమార్పిడులపై గాంధీజీ ఆయనతో గట్టిగా విభేదించారు. ఆ వాదం నేటికీ తెగలేదు, దానికి ఈ వ్యాసం చోటు కాదు. కానీ క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని చెప్పినది కూడా ఈ బిషప్పే అన్న సంగతి మరువరాదు. తన వారిని విడిగా గిరిగీసి కూర్చోబెట్టడం ఆయనకు ఇష్టం లేదు.

ఇదేదో పరాయి ఆలోచన అనేవారు పాలకుర్తి దాకా వెళ్లి రావాలి. కాకతీయుల కాలంలోనే ఆ ఊరి కవి పాల్కురికి సోమనాథుడు చాకలి మాచయ్యను, కుమ్మరి గుండయ్యను, మాదర చెన్నయ్యను భక్తుల వరుసలో నిలబెట్టి, వారి కథలను సామాన్యుడికి అందే జాను తెనుగులో ద్విపదగా పాడాడు. భక్తి, సమానత్వం, జనం నోటి భాష కలిసి నడవడం ఈ నేలకు కొత్త కాదు.

మరి నేడు? ఓరుగల్లు మత సామరస్యాన్ని మేము ఎన్నోసార్లు గర్వంగా రాశాం. కాజీపేట దర్గా ఉర్సుకు హిందువులు వెళతారు. పీర్ల పండుగలో అలావా (నిప్పుల గుండం) చుట్టూ ఊరంతా ఆడుతుంది. మేడారం గద్దెల దగ్గర ఎవరి మతం ఏదో ఎవరూ అడగరు. ఇవన్నీ నిజం. అదే ఊరిలో శ్మశానాలు కులానికొకటి ఉండడమూ నిజమే. పండుగ పంచుకోవడం మనకు సులువుగా వచ్చింది, నీళ్లు పంచుకోవడం ఇంకా రాలేదు. మతాల మధ్య గోడ పలుచగా ఉందని మురిసిపోతూ, కులాల మధ్య గోడ ఎంత మందంగా ఉందో చూడడం మానేశాం. ఈ మాట మాకూ వర్తిస్తుంది.

అజరయ్య వారసత్వం తమదని చెప్పుకొనే సంఘాలు ముందుగా జవాబు చెప్పాలి. ఒకే ఊళ్లో మాలల చర్చి ఒకటి, మాదిగల చర్చి ఒకటి ఎందుకున్నాయి? సమాధుల తోటలో కంచె ఎందుకుంది? ఒకప్పుడు మిషన్‌ బడి అంటే ఇంకెక్కడా చోటు దొరకని పిల్లకు దొరికిన చోటు. ఇప్పుడు పట్టణాల్లో అదే పేరుతో నడిచే అనేక బడుల గేటు దగ్గర ఆ పిల్ల తండ్రి ఫీజుల పట్టిక చదివి వెనుదిరుగుతున్నాడు. పల్లెల్లో చిన్న జీతంతో, సైకిలు మీదో పాత మోటారు సైకిలు మీదో తిరుగుతూ, సాయంత్రాలు పిల్లలకు పాఠాలు చెప్పే పాస్టర్లు, సిస్టర్లు ఇంకా ఉన్నారు. ఆ పనికి వారి పెద్దల నుంచి అందవలసిన ఆసరా అందడం లేదు.

ప్రభుత్వాల బాకీ కూడా పెద్దదే. ఎస్సీలు ఎవరో నిర్ణయించే 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు మొదట హిందువులకే వర్తించింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. దళిత క్రైస్తవులు, దళిత ముస్లింలు బయటే ఉండిపోయారు. ఒకే వాడలోని అన్నదమ్ములను తీసుకోండి. తమ్ముడు బాప్తిస్మం తీసుకున్న రోజున మండల రికార్డులో అతడి కులం మారి, రిజర్వేషన్లలో ఒక్క శాతం వాటా ఉన్న బీసీ-సీ వర్గంలోకి వెళుతుంది. హోటల్‌లో, కల్లంలో, పెళ్లి సంబంధంలో మాత్రం అన్నదమ్ములిద్దరికీ ఊరు ఇచ్చే స్థానం ఒక్కటే. రంగనాథ్‌ మిశ్రా కమిషన్‌ 2007లోనే మతం షరతు తీసేయమంది. 2022లో ఇదే విషయంపై జస్టిస్‌ బాలకృష్ణన్‌ కమిషన్‌ వేసి, ఆ తర్వాత గడువు పొడిగించారు. 2025లో ఒక పాస్టరు పెట్టిన కేసులో, క్రైస్తవంలోకి మారినవారికి ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదని ఆంధ్రప్రదేశ్‌ హైకోర్టు చెప్పింది. ఉన్న వాటాలో తమ భాగం తగ్గుతుందన్న ఇతర ఎస్సీ కులాల భయం న్యాయమైనదే. వాటా పెంచకుండా పంచితే ఎవరికీ మేలు జరగదు. కానీ కులం పేరుతో తిట్టి కొట్టినప్పుడు రక్షణ కోరే మనిషిని నీ దేవుడెవరు అని అడగడం తప్పని మేము నమ్ముతున్నాం. కనీసం ఆ ఒక్క చట్టం విషయంలో పార్లమెంటు ఇక ఆగకూడదు.

పార్లమెంటు కదిలేదాకా ఇక్కడ చేయగలిగినది కూడా ఉంది. వరంగల్‌, మానుకోట (మహబూబాబాద్‌), ములుగు, భూపాలపల్లి పల్లెల్లో సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా ప్రార్థన మందిరాల హాళ్లు, ఆలయాల కల్యాణ మండపాలు, దర్గాల పక్క గదులు చాలావరకు తాళం వేసి ఉంటాయి. అదే వేళకు చదువుకోవడానికి ఇంట్లో చోటు లేని పిల్లలు అరుగుల మీద, వీధి దీపాల కింద కూర్చుంటారు. మేత్రాసనాలు, దేవస్థాన కమిటీలు, దర్గా కమిటీలు వచ్చే జూన్‌లో బడులు తెరిచేనాటికి ఆ తాళాలు తీయాలి. మండలానికి పది గదులు, గదికి ఒక ఉపాధ్యాయుడు, ఏ వాడ పిల్ల అయినా వచ్చి కూర్చునే ఒక్క చాప. ఖర్చు ఎలా అని అడిగే పెద్దలు, ఊరి అమ్మలను పిలిచి ఆ పిడికెడు బియ్యం సంగతి అడగవచ్చు.