జిరాక్స్ షాపులో మిగిలిపోతున్న ఆధార్

నెల్లూరు కలెక్టరేట్ చుట్టుపక్కలైనా, ఒంగోలు చర్చి సెంటర్లోనైనా, కావలి, కందుకూరు బస్టాండ్ల దగ్గరైనా ఒక జిరాక్స్ షాపు ముందు పది నిమిషాలు నిలబడి చూడండి. పల్లె నుంచి వచ్చిన పెద్దాయన ఫోన్ చేతికిచ్చి 'ఆధార్ ఒక కాపీ తియ్యి నాయనా' అంటాడు. కౌంటర్లో కుర్రాడు గోడకు అతికించిన నంబరు చూపించి వాట్సాప్ చెయ్యమంటాడు, చేతకాకపోతే తనే పంపుకుంటాడు. ఫైలు కంప్యూటర్లోకి దిగుతుంది, ప్రింటు బయటికొస్తుంది, పెద్దాయన డబ్బులిచ్చి కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని వెళ్లిపోతాడు. కాగితం ఆయన వెంట పోయింది గానీ ఫైలు మాత్రం అక్కడే ఉండిపోయింది.

ఆ కంప్యూటర్లో 'డౌన్‌లోడ్స్' అనే ఫోల్డర్ ఒక్కసారి తెరిస్తే సంగతి అర్థమవుతుంది. ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, పదో తరగతి మార్కుల లిస్టు, కుల ధ్రువీకరణ పత్రం, భూమి వివరాల వన్‌బీ, పాస్‌పోర్టు సైజు ఫొటో, తెల్లకాగితం మీద చేయించి స్కాన్ తీసిన సంతకం వరసగా కనిపిస్తాయి. ఒకే ఫైలును రెండుసార్లు దించితే పేరు చివర ఒకటి, రెండు అని అంకె తగిలించుకుని అదీ పక్కనే చేరుతుంది. తేదీల వారీగా పేర్చి చూస్తే నిరుటి అడ్మిషన్ల నాటివి కూడా బయటపడతాయి. స్కానర్ తన ఫైళ్లను వేరే ఫోల్డర్లో పెట్టుకుంటుంది, అది ఉందన్న సంగతే షాపువాళ్లు మరిచిపోయి ఉంటారు. దరఖాస్తులు నింపేటప్పుడు 'ఈమెయిల్ లేదా, పర్లేదు మాది వేస్తాం' అని ఒకే జీమెయిల్‌తో వందల మందివి నింపే అలవాటు ఉండనే ఉంది. ఆ జీమెయిల్ పాస్‌వర్డు బ్రౌజర్లోనే సేవ్ అయి ఉంటుంది. తల్లికి వందనం, అన్నదాత సుఖీభవ, ఫీజు రీయింబర్స్‌మెంటు, ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ అంటూ ఏ సీజన్‌కు ఆ సీజన్ కాగితాలు ఆ మిషన్లలో పోగుపడుతూనే ఉన్నాయి.

ఈ-ఆధార్ పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ ఉంటుంది కదా, భయమెందుకనే వాళ్లున్నారు. ఆ పాస్‌వర్డ్ ఏమిటో తెలియని నెట్ సెంటర్ లేదు. పేరులోని మొదటి నాలుగు ఇంగ్లీషు పెద్దక్షరాలు, పక్కన పుట్టిన సంవత్సరం, అంతే. పేరు, పుట్టిన సంవత్సరం ఆ పక్కనున్న మార్కుల లిస్టులోనే ఉంటాయి. తాళం వేసి తాళంచెవి గడపమీద పెట్టినట్టే. ఆధార్, పాన్, ఫొటో, సంతకం ఒకే మనిషివి ఒకేచోట దొరికితే ఏం చెయ్యొచ్చో సైబర్ నేరాల కేసులు చూసే ఏ స్టేషన్ వాళ్లనడిగినా చెబుతారు. ఆ మనిషికి తెలియకుండా అతని పేరిట సిమ్ కార్డు తీస్తారు, లోన్ యాప్‌లో అప్పు పుట్టిస్తారు, దొంగసొమ్ము దాటించడానికి ఖాతా తెరుస్తారు. రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రల నుంచి అచ్చులు తయారుచేసి, వేలిముద్రతో డబ్బు తీసే ఆధార్ చెల్లింపుల ద్వారా ఖాతాలు ఊడ్చేసిన ముఠాలను తెలుగు రాష్ట్రాల్లో పోలీసులు పట్టుకున్నారు కూడా. కాబట్టి ఇదేదో లేని భయం కాదు.

ఇంతకీ ఆ ఫైళ్లున్న కంప్యూటర్ సంగతేమిటి? విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో మామూలు భద్రతా అప్‌డేట్లు ఆపేసింది. విడిగా నమోదు చేసుకున్న ఇళ్ల వాడకందారులకు మాత్రం 2026 అక్టోబరు 13 దాకా పొడిగింపు ఇచ్చింది. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, సెక్యూర్ బూట్ అనే సౌకర్యం, ఇంటెల్ అయితే దాదాపు ఎనిమిదో తరం ప్రాసెసర్ ఉండాలి. మన షాపుల్లో నడిచేవి ఎక్కువగా సెకండ్ హ్యాండ్‌లో కొన్న నాలుగో తరం, ఆరో తరం మిషన్లు. బలవంతంగా ఎక్కించే కిటుకులు సర్వీసు వాళ్లకు తెలుసు గానీ, అలా ఎక్కించిన మిషన్‌కు అప్‌డేట్లు అందుతాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు.

అసలు తంటా పాతబడిపోవడం కూడా కాదు. ఆ విండోస్ కొన్నది కాదు, డబ్బు కట్టకుండా క్రాక్ చేసి పెట్టింది. సర్వీసు కుర్రాడు పెన్‌డ్రైవ్ తెస్తాడు. దొంగ విండోస్‌ను అసలుదిగా నమ్మించే యాక్టివేటర్‌ను పెట్టగానే, విండోస్‌తో వచ్చే వైరస్ కాపలా డిఫెండర్ దాన్ని వైరస్ అని పట్టుకుని తీసేస్తుంది కాబట్టి ముందు డిఫెండర్‌ను ఆపుతాడు. మళ్లీ పట్టుకోకుండా ఆ ఫోల్డర్‌ను తనిఖీ నుంచి మినహాయిస్తాడు. యాక్టివేషన్ చెడిపోతుందేమోనని అప్‌డేట్ సర్వీసును కూడా కట్టేస్తాడు. పని అయ్యాక ఈ మూడింటినీ తిరిగి మామూలుగా పెట్టడు, అలాగే వదిలేసి వెళ్తాడు. అక్కడి నుంచి ఆ కంప్యూటర్‌కు కాపలా లేదు. ఇలాంటి యాక్టివేటర్ల పేరుతో నెట్‌లో తిరిగేవాటిలో బ్రౌజర్లో దాచిన పాస్‌వర్డులు, లాగిన్‌ను గుర్తుంచుకునే కుకీలు ఊడ్చుకుపోయే దొంగ ప్రోగ్రాములు కలిసి ఉంటాయన్నది ఈ పని తెలిసిన వాళ్లందరికీ ఎరుకే. అప్‌డేట్లే ఆపేసిన మిషన్‌కు మైక్రోసాఫ్ట్ ఇచ్చిన పొడిగింపు ఏం ఒరగబెడుతుంది? పైగా 'ఏదైనా వస్తే ఇక్కడినుంచే చూస్తా' అని అదే కుర్రాడు రిమోట్ యాప్ ఒకటి పెట్టి, శాశ్వత పాస్‌వర్డ్ ఇచ్చుకుని పోతాడు. అతను పని మానేసినా ఆ దారి తెరిచే ఉంటుంది.

ఆ మిషన్ జబ్బు పడిందని బయటివాళ్లకు తెలిసే గుర్తు ఒకటుంది. పెన్‌డ్రైవ్ పెట్టి తీశాక ఇంటికెళ్లి చూస్తే ఫైళ్లన్నీ షార్ట్‌కట్లుగా మారి ఉంటాయి. ఫైళ్లు ఎక్కడికీ పోలేదు, వాటిని దాచేసి వాటి పేరుతో వైరస్ కూర్చుంది. ఏ షాపులో పెట్టిన పెన్‌డ్రైవ్ ఇలా తిరిగొచ్చిందో ఆ షాపు కంప్యూటర్లో మీ ఆధార్ ఉందన్న సంగతి అప్పుడైనా గుర్తుకు రావాలి.

ఇవన్నీ నెల్లూరులో ఎవరికి జరుగుతాయిలే అనుకోవద్దు. 2017 మే 12న ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే వాన్నాక్రై వైరస్ ప్రపంచమంతా కంప్యూటర్ల మీద పడింది. దానికి మందు అప్పటికి రెండు నెలల ముందే, మార్చి 14న, మైక్రోసాఫ్ట్ విడుదల చేసింది. ఆ అప్‌డేట్ వేసుకోని మిషన్లే ప్రధానంగా దెబ్బతిన్నాయి. మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా అందులో ఉన్నాయి. పోలీసు శాఖకే తప్పని దెబ్బ బస్టాండు పక్క జిరాక్స్ షాపుకు తప్పుతుందా?

మమ్మల్ని మండిస్తున్నది షాపులవాళ్ల అజాగ్రత్త కాదు. జాగ్రత్తలు చెప్పేదీ, కాపీలు అడిగేదీ ఒకే ప్రభుత్వం కావడం మమ్మల్ని మండిస్తోంది. 2022 మే 27న ఆధార్ సంస్థ ప్రాంతీయ కార్యాలయం ఒక ప్రకటన ఇచ్చింది. ఆధార్ జిరాక్స్ కాపీలు ఎవరికిపడితే వాళ్లకు ఇవ్వొద్దు, చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ వాడండి, నెట్ కేఫ్ కంప్యూటర్లలో ఈ-ఆధార్ దించుకోవద్దు, దించితే ఆ కాపీలన్నీ శాశ్వతంగా తుడిచెయ్యండి అన్నది దాని సారం. ప్రతి మాటా నిజం. రెండు రోజులకే, మే 29న, జనం తప్పుగా అర్థం చేసుకునే అవకాశముందని దాన్ని కేంద్రం వెనక్కి తీసుకుంది. మామూలు జాగ్రత్త చాలునంది. హెచ్చరిక వెనక్కి పోయింది గానీ, హెచ్చరించిన ప్రమాదం ఎక్కడికి పోయింది?

అప్పటినుంచి ఇదే తంతు. ఫోన్ చేస్తే కాలర్ ట్యూన్‌గా సైబర్ నేరాల మీద హెచ్చరిక వినిపించారు, మోసపోతే 1930కు ఫోన్ చెయ్యమంటారు, కాలేజీల్లో సదస్సులు పెడతారు. అదే రోజు అదే కార్యాలయం కౌంటర్ దగ్గర 'ఆధార్ జిరాక్స్ రెండు కాపీలు' అంటారు. నంబరు సిస్టంలో ఉన్నా కాపీ కావాలి, వేలిముద్ర వేయించుకున్నా కాపీ కావాలి, పోయిన నెల ఇచ్చినా మళ్లీ కాపీ కావాలి. మాస్క్‌డ్ కాపీ ఇస్తే 'నంబరు కనపడట్లేదు, ఫుల్‌ది తీసుకురా' అని వెనక్కి పంపుతారు. వెనక్కి పంపితే ఆ పెద్దాయన ఎక్కడికి పోవాలి? రోడ్డు దాటి జిరాక్స్ షాపుకే పోవాలి. జాగ్రత్త చెప్పిన నోటితోనే ఆయన్ను అక్కడికి తోలుతున్నారు.

చట్టాల మాట చెబుతారేమో. సైబర్ కేఫ్‌ల మార్గదర్శకాలు 2011లోనే వచ్చాయి. కంప్యూటర్ వాడుకోవడానికి వచ్చినవారి గుర్తింపు పత్రం కాపీ, రిజిస్టరు కనీసం ఏడాది దాచాలని, భద్రంగా దాచాలని వాటిలో ఉంది. తనిఖీ చేసే అధికారం కూడా ఉంది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఆ తనిఖీలు ఎన్ని జరిగాయో, అందులో కంప్యూటర్ తెరిచి చూసినవి ఎన్నో అధికారులు ప్రకటించాలి. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, అసలు బాధ్యతలు అమలు కావడానికి 18 నెలల గడువిచ్చారు. ఈలోగా ఆ ఫోల్డర్లు నిండుతూనే ఉంటాయి.

షాపులవాళ్లకూ వాళ్ల మాట ఉంది. కాపీకి వచ్చేది రెండు మూడు రూపాయలు, కరెంటు, అద్దె, టోనరు పోను కొత్త కంప్యూటర్ ఎక్కడినుంచి కొంటామంటారు. అందులో నిజముంది. ప్రభుత్వం వైపు నుంచి మన మిత్ర ఉందంటారు. 2025 జనవరి 30న మొదలైన ఆ వాట్సాప్ సేవలో, 95523 00009 నంబరుకు మెసేజ్ పంపి, చాలా పత్రాలు సొంత ఫోన్‌లోనే తీసుకోవచ్చు. మంచిదే. కానీ ఫోన్‌లో తీసుకున్న పత్రాన్ని కౌంటర్లో చూపిస్తే 'ప్రింట్ తీసుకురా' అన్నంత కాలం అదీ చివరికి ఆ షాపు డౌన్‌లోడ్స్‌లోకే చేరుతుంది.

షాపువాళ్లు పైసా ఖర్చు లేకుండా ఈ సాయంత్రం నుంచే చెయ్యగలిగినవి చాలా ఉన్నాయి, చేసి తీరాలి. డౌన్‌లోడ్స్, స్కాన్ ఫైళ్లు రెండూ ఒకే ఫోల్డర్లోకి వచ్చేలా సెట్టింగు మార్చుకుని, షట్టరు దించే ముందు అందులోవన్నీ ఎంచి, షిఫ్ట్ నొక్కి ఉంచి డిలీట్ కొట్టాలి. ఉత్త డిలీట్ కొడితే రీసైకిల్ బిన్‌లో పడి ఉంటాయి. పాత హార్డ్‌డిస్క్‌లో అలా తుడిచినవీ రికవరీ సాఫ్ట్‌వేర్‌తో తిరిగొస్తాయి కాబట్టి ఆ డిస్క్‌ను ఎవరికీ అమ్మకూడదు, సుత్తితో పగలగొట్టాకే పారెయ్యాలి. రీకండిషన్ జిరాక్స్ మిషన్ పెద్దది కొన్నవాళ్లు దాని లోపల కూడా హార్డ్‌డిస్క్ ఉందేమో అడిగి తెలుసుకోవాలి. షాపు వాట్సాప్‌లో మెసేజ్‌లు 24 గంటల్లో మాయమయ్యేలా పెట్టుకోవాలి, అయితే దించిన ఫైలు దానితో పోదు, దాన్ని చేత్తోనే తీసెయ్యాలి. కస్టమర్ లాగిన్లన్నీ క్రోమ్ గెస్ట్ విండోలోనే చెయ్యాలి, మూసెయ్యగానే లాగిన్లు తుడిచిపెట్టుకుపోతాయి. సరిగా రాని ఆధార్ ప్రింట్లను చించాలే గానీ వెనకవైపు లెక్కలు రాసుకోవడానికి కట్ట కట్టి పెట్టకూడదు. పాత మిషన్‌లో ప్రింటు, టైపింగు మాత్రమే చేసేవాళ్లకు విండోస్‌కు బదులు వాడే లైనక్స్ మింట్ ఉచితం, 4 జీబీ ర్యామ్‌తో నడుస్తుంది. వేలిముద్ర పరికరాలు, డిజిటల్ సంతకం టోకెన్లు, అను తెలుగు ఫాంట్లతో టైపు చేసేవాళ్లకు అది కుదరదు, వాళ్లు ఆ పని ఉన్న ఒక్క మిషన్‌కైనా అసలైన విండోస్ కొనుక్కోవాలి.

కాపీ ఇచ్చేవాళ్లు ఆధార్ వెబ్‌సైట్లో మాస్క్‌డ్ ఆధార్ గడిలో టిక్ పెట్టి దించుకోవచ్చు, ఆధార్ సంస్థ యాప్‌లో వేలిముద్రలకు తాళం వేసుకోవచ్చు, టెలికాం శాఖ సంచార్ సాథీ వెబ్‌సైట్లో తమ పేరిట ఎన్ని సిమ్‌లున్నాయో చూసుకోవచ్చు. చెయ్యగలిగినవాళ్లు చెయ్యండి. కానీ ఉదయగిరి నుంచి రెండు బస్సులు మారి వచ్చిన మనిషికి ఈ పాఠం చెప్పి, బాధ్యత అంతా ఆయన నెత్తిన పెట్టడాన్ని ఈ పత్రిక ఒప్పుకోదు. కాపీ అడిగింది ఆయన కాదు.

కాబట్టి రెండు జిల్లాల కలెక్టర్లూ వెంటనే లిఖితపూర్వకంగా ఉత్తర్వులివ్వాలి. ఏ కౌంటర్లోనూ ఆధార్ జిరాక్స్ అడగకూడదు. తప్పనిసరైనచోట మాస్క్‌డ్ కాపీ చాలు. ఫోన్‌లో చూపించిన పత్రం చెల్లుతుంది. ఇందులో పైసా బడ్జెట్ లేదు, కొత్త సాఫ్ట్‌వేర్ లేదు. ఏళ్ల తరబడి ఇంత చిన్న పని చెయ్యకుండా సదస్సుల్లో 'అప్రమత్తంగా ఉండండి' అని జనానికి చెప్పడానికి అధికారులకు నోరెలా వస్తోంది? వచ్చే సోమవారం అర్జీలు తీసుకునేటప్పుడు ప్రతి అర్జీకీ వెనక పిన్ను కొట్టి ఉన్న ఆధార్ కాపీని ఒకసారి చూడండి. అది ఏ షాపులో తీయించారో ఆ అర్జీదారునే అడగండి. భోజన విరామంలో రోడ్డు దాటి ఆ షాపుకు వెళ్లి, డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిపించి, అందులో మీ కార్యాలయం అడిగితే తీయించిన కాపీలు ఎన్ని ఉన్నాయో మీరే లెక్కపెట్టండి.